హ్యాచ్‌బ్యాక్, వ్యాగన్, ఎమ్‌పీవీ, ఎస్‌యూవీ: ఎవరికి ఏ ఆకారం, ఏ దేశంలో ఏది దొరుకుతుంది?

కారు కొనేవాళ్లు ఎక్కువగా తల పట్టుకునేది చిన్న తేడాల దగ్గరే. క్రెటానా సెల్టాసా, ఆర్‌ఏవీ4నా సీఆర్-వీనా అని నెలల తరబడి వీడియోలు చూస్తారు. ఆ జంటల్లో పొడవు, ఎత్తు, డిక్కీ, సీటింగ్ అన్నీ ఇంచుమించు ఒకటే. ఏది తీసుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు. ఎస్‌యూవీ బదులు ఎమ్‌పీవీ (ఎర్టిగా, ఇన్నోవా లాంటి మూడు వరసల కుటుంబ బండి), సెడాన్ బదులు వ్యాగన్ (కప్పు డిక్కీ చివరిదాకా సాగిన పొడవైన కారు) తీసుకుంటే మాత్రం రోజూ బండి వాడే తీరే మారిపోతుంది. ఈ పెద్ద నిర్ణయం మీద చాలామంది ఒక్క సాయంత్రం కూడా పెట్టరు. షోరూమ్‌లో ఏవి వరసగా నిలబెట్టారో వాటిలోంచే ఏరుకుంటారు.

ఆ వరసలో ఏ ఆకారాలు ఉండాలో తేల్చేది చాలా దేశాల్లో పన్నుల చట్టం. అందుకే మీకు అన్నిటికన్నా నప్పే ఆకారం మీరుండే దేశంలో అసలు అమ్మకానికే లేకపోవచ్చు. అప్పుడు దానికి దగ్గరగా ఉండేది ఏదో వెతుక్కోవాలి. ఈ పోలిక అందుకోసమే.

## ముందు వేటిని కొలవాలి

డిక్కీ నోరు. బ్రోచర్‌లో లీటర్ల అంకె చూసి పొరబడటం చాలా తేలిక. హ్యుందాయ్ వెర్నా డిక్కీ 528 లీటర్లు, క్రెటాది 433. అంకెల ప్రకారం సెడానే గెలిచింది. కానీ సెడాన్ డిక్కీ లోపల విశాలం, నోరు ఇరుకు. సూట్‌కేసులు నాలుగు సర్దేయొచ్చు. మడతపెట్టిన వీల్‌చెయిర్, టీవీ పెట్టె, సైకిల్ లాంటివి నోటి దగ్గరే ఆగిపోతాయి.

వేర్వేరు దేశాల బ్రోచర్లను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. యూరప్‌లో వాడే వీడీఏ పద్ధతిలో 20 × 10 × 5 సెంటీమీటర్ల దిమ్మెలు, అంటే ఒక్కోటి ఒక లీటరు, ఎన్ని పడతాయో లెక్కపెడతారు. వెనక సీట్లు ఎత్తి ఉన్నప్పుడు మామూలుగా పార్సిల్ షెల్ఫ్ (వెనక సీటు వెనకాల డిక్కీని కప్పే పలక) ఎత్తు దాకానే కొలుస్తారు. అమెరికాలో ఘనపుటడుగుల్లో చెప్పే లెక్క చాలాసార్లు పైకప్పు దాకా పోతుంది. కాబట్టి ఒక ఘనపుటడుగు 28.3 లీటర్లని గుణించి రెండు దేశాల కార్లను పోల్చేస్తే అమెరికా కారు లేని గొప్ప తెచ్చుకుంటుంది.

సీటు ఎత్తు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే ఇదే మొదటి ప్రమాణం. మనిషి నిలబడి ఉన్నప్పుడు నడుం కింది భాగం ఎంత ఎత్తులో ఉంటుందో, సీటు దానికి కొంచెం కిందగా ఉంటే ఎక్కడం, దిగడం సులువు. సెడాన్‌లో లోపలికి దిగి కూర్చోవాలి, మళ్లీ పైకి లేవాలి. ఫార్చ్యూనర్ లాంటి ల్యాడర్ ఫ్రేమ్ బండి (లారీలా విడి చట్రం మీద కట్టినది) అయితే మెట్టు ఎక్కినట్టు ఎక్కాలి. ఎమ్‌పీవీలు, ఎత్తైన హ్యాచ్‌బ్యాక్‌లు, మామూలు క్రాసోవర్లు (కారు నిర్మాణం మీదే కట్టిన ఎస్‌యూవీలు) ఈ రెండింటికీ మధ్య సరిపోతాయి.

మూడో వరస ఎత్తి ఉంచితే వెనక ఏం మిగులుతుంది. ఏడు సీట్లు అనగానే ఏడుగురూ, వాళ్ల సామానూ అని మనసు లెక్క కట్టేస్తుంది. ఏడు సీట్లూ వాడుతున్నప్పుడు రెనో ట్రైబర్‌లో మిగిలేది 84 లీటర్లు, ఎర్టిగాలో 209, ఇన్నోవా హైక్రాస్‌లో 300. మొదటిది రెండు చేతిసంచులకు సరి.

బయటి కొలతలు. పొడవు అందరూ చూస్తారు. రోజూ ఇబ్బంది పెట్టేది వెడల్పు, కొన్నిచోట్ల ఎత్తు. జపాన్‌లో యంత్రంతో పైకి ఎత్తి పెట్టే పార్కింగ్‌లు చాలావాటికి 1.55 మీటర్ల ఎత్తు పరిమితి ఉంది. అక్కడ అపార్ట్‌మెంట్ చూసుకున్నాకే కారు ఆకారం తేల్చుకోవాల్సి వస్తుంది.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ. కంపెనీలు చెప్పే అంకె తరచూ ఖాళీ బండిది. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండాక అది తగ్గుతుంది. దీనితోపాటు ముందు, వెనక చక్రాల మధ్య దూరం కూడా చూడాలి. ఆ దూరం ఎక్కువైన బండి నిటారు స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆనించుకుంటుంది.

## షోరూమ్‌లో కొన్ని ఆకారాలే ఎందుకు ఉంటాయి

ఇండియాలో 2006 బడ్జెట్ ఒక గీత గీసింది. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజన్ 1500 సీసీ దాటకుండా ఉంటే తక్కువ ఎక్సైజ్ సుంకం. కంపెనీలు ఆ గీత లోపలికి బళ్లను కత్తిరించడం మొదలుపెట్టాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది. 2012లో మారుతి స్విఫ్ట్ డిజైర్ తోక కోసుకుని మరీ వచ్చింది. తర్వాత ఎకోస్పోర్ట్, బ్రెజ్జా, నెక్సాన్, వెన్యూ అన్నీ అదే గీతలో ఒదిగాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా అదే హద్దు పట్టుకుంది: గీత లోపలి చిన్న కార్లకు 18 శాతం, దాటిన వాటికి 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకు పొడవుతో పని లేకుండా 5 శాతమే.

వ్యాగన్ అంటేనే పొడవైన కారు. ఎస్‌యూవీకి కట్టే పన్నే కట్టి, ఎస్‌యూవీ ఎత్తూ హుందా లేని బండిని ఇండియాలో ఎక్కువమంది కొనలేదు. 1992 నాటి టాటా ఎస్టేట్, తర్వాత ఒపెల్ కోర్సా స్వింగ్, బలెనో ఆల్టురా, ఇండిగో మెరీనా, స్కోడా ఆక్టేవియా కాంబీ అన్నీ వచ్చినవే, అన్నీ పోయినవే.

జపాన్‌లో గీత ఇంకా చిన్నది. కేయీ కారు (అక్కడ తక్కువ పన్ను పడే బుల్లి కారు) పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48, ఎత్తు 2 మీటర్లు, ఇంజన్ 660 సీసీ మించకూడదు. ఈ కొలతలు 1998 నుంచి అమల్లో ఉన్నాయి. నేల మీద చోటు పెంచుకునే వీలు లేదు కాబట్టి కంపెనీలు పైకి కట్టాయి. అలా పుట్టినవే స్లైడింగ్ డోర్లున్న హోండా ఎన్-బాక్స్, డైహత్సు టాంటో, సుజుకి స్పేసియా. చూడటానికి చక్రాలున్న బీరువాల్లా ఉంటాయి, వాడకంలో వాటిని మించినవి తక్కువ.

అమెరికాలో సంగతి వేరు. దిగుమతి చేసుకున్న లైట్ ట్రక్కుల (పికప్‌ల లాంటి బళ్ల) మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. అక్కడి వాళ్లు దాన్ని చికెన్ ట్యాక్స్ అంటారు, కోడిమాంసం మీద యూరప్‌తో నడిచిన వాణిజ్య గొడవలో పుట్టింది కాబట్టి. దాంతో పికప్‌ల రంగం స్వదేశీ కంపెనీలకు భద్రమైంది. ఇంధన సామర్థ్య నిబంధనలు కూడా కార్ల కంటే లైట్ ట్రక్కుల మీద మెత్తగా ఉంటూ వచ్చాయి. ఏ బండినైనా ట్రక్కు ఖాతాలో వేయించుకోగలిగితే లాభమే అన్నమాట. సుబారు 2005 మోడల్ ఔట్‌బ్యాక్ వ్యాగన్‌ను కాస్త ఎత్తు పెంచి ట్రక్కు ఖాతాలోకి చేర్చింది. క్రైస్లర్ పీటీ క్రూజర్ లాంటి బుల్లి బండిని కూడా కాగితాల మీద ట్రక్కుగానే లెక్కకట్టారు!

యూరప్‌లో చాలా దేశాల పన్నులు పొడవును పట్టించుకోవు. కార్బన్ ఉద్గారాలను చూస్తాయి, ఫ్రాన్స్ లాంటి చోట బరువును కూడా. ఎత్తు తక్కువైన వ్యాగన్ గాలిని తేలిగ్గా చీలుస్తుంది కాబట్టి ఈ లెక్కలో దానికి చిక్కు లేదు. పారిస్ అయితే 2024 అక్టోబర్ నుంచి బయటి నుంచి వచ్చే బరువైన కార్లకు పార్కింగ్ రుసుము మూడింతలు చేసింది.

## ఒక్కో ఆకారం

హ్యాచ్‌బ్యాక్. ఒకరిద్దరికి, పట్టణంలో తిరగడానికి దీన్ని మించింది లేదు. ఇందులో ఎత్తైన రకాన్ని వెతకండి. హోండా జాజ్ ఇంధన ట్యాంకును ముందు సీట్ల కిందికి జరిపి, వెనక సీటు అడుగు భాగం సినిమా హాలు కుర్చీలా పైకి లేచేలా చేసింది. నిలువు సామాను పెట్టడానికి ఇంత తెలివైన ఏర్పాటు మూడింతల ఖరీదు బళ్లలో కూడా కనిపించదు. ఇండియాలో 2023లో జాజ్ అమ్మకం ఆగిపోయింది. అమెరికాలో ఫిట్ పేరుతో వచ్చిన ఇదే బండి 2020 మోడల్‌తో ముగిసింది. యూరప్‌లో, జపాన్‌లో దాని తర్వాతి తరం నడుస్తోంది.

సెడాన్, లిఫ్ట్‌బ్యాక్. హైవే మీద నిలకడ, వెనక సీటు సుఖం, నిశ్శబ్దం కావాలంటే సెడాన్. పొడవైన సామాను అవసరం ఏడాదికి ఒకటి రెండుసార్లే ఐతే దీన్ని తోసిపుచ్చక్కర్లేదు. సెడాన్‌లాగే కనబడుతూ వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేచేది లిఫ్ట్‌బ్యాక్. స్కోడా ఆక్టేవియా, టయోటా ప్రియస్ ఆ రకం. సెడాన్ నడక, హ్యాచ్‌బ్యాక్ నోరు రెండూ కలిసొస్తాయి కాబట్టి, నా దృష్టిలో అందరూ మర్చిపోయే మంచి మధ్యేమార్గం ఇదే.

వ్యాగన్. ఈ ఆకారం మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ హ్యాచ్‌బ్యాక్ డిక్కీ 381 లీటర్లు. అదే కారు వ్యాగన్ రూపంలో 611. పొడవు 35 సెంటీమీటర్లు పెరిగింది, నడిపే తీరు దాదాపు మారలేదు. ఆక్టేవియా కాంబీ 640 లీటర్లు, టయోటా కొరోలా టూరింగ్ స్పోర్ట్స్ 596. డిక్కీ అంచు మోకాలి దగ్గరే ఉంటుంది కాబట్టి బరువును ఛాతీ దాకా ఎత్తక్కర్లేదు. కప్పు తక్కువ ఎత్తులో ఉండటంతో పైన క్యారియర్‌కు సామాను కట్టడమూ తేలికే. మలుపుల్లో పెద్దగా ఒరగదు, వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పడం తక్కువ.

లోపం కూడా అక్కడే ఉంది. సీటు కింద, గ్రౌండ్ క్లియరెన్స్ తక్కువ, పొడవు ఎక్కువ. గోతుల రోడ్డు మీద, ఇరుకు సందుల్లో ఈ మూడూ కలిసి విసిగిస్తాయి. వోల్వో క్రాస్ కంట్రీ, ఆడి ఆల్‌రోడ్ లాంటి ఎత్తు పెంచిన వ్యాగన్లు ఇందులో ఒక లోపాన్ని సరిదిద్దుతాయి, ఖరీదుతో.

అమెరికాలో వ్యాగన్ కథ విచిత్రంగా ముగిసింది. మామూలు కుటుంబం కొనగల గోల్ఫ్ స్పోర్ట్‌వ్యాగన్ 2019 మోడల్‌తో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చినవి ఆడి ఆర్‌ఎస్6 అవాంట్, బీఎండబ్ల్యూ ఎమ్5 టూరింగ్. ఒకప్పటి సాదాసీదా కుటుంబ వాహనం అక్కడ సంపన్నుల ముచ్చటగా మిగిలింది. ఔట్‌బ్యాక్ కూడా 2026 మోడల్‌కు ఎస్‌యూవీలా పెట్టె ఆకారంలోకి మారిపోయింది.

ఎమ్‌పీవీ, మినీవ్యాన్. ఐదుగురికి మించి తరచూ ప్రయాణించే ఇంటికి దీనికి సాటి లేదు. ఎస్‌యూవీ మూడో వరసలో పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటారు. ఎమ్‌పీవీలో నేల మట్టంగా, కప్పు నిటారుగా ఉండటంతో మనుషుల్లా కూర్చుంటారు. స్లైడింగ్ డోర్ ఉంటే పక్క కారుకు తలుపు తగులుతుందన్న టెన్షన్ ఉండదు. పసిపిల్లను సీటులో కట్టేటప్పుడు తల్లిదండ్రులు సగం వంగి తిప్పలు పడక్కర్లేదు.

ఇక్కడే మార్కెట్ల తేడా బాగా కొడుతుంది. అమెరికాలో టయోటా సియెనా, హోండా ఒడిస్సీ, క్రైస్లర్ పసిఫికా, కియా కార్నివాల్ ఉన్నాయి కానీ అన్నీ భారీవే. సియెనా వెడల్పే దాదాపు 2 మీటర్లు. జపాన్‌లో టయోటా సియెంటా, హోండా ఫ్రీడ్ అదే సౌకర్యాన్ని 1.7 మీటర్ల వెడల్పు దాటకుండా ఇస్తాయి. ఇండియాలో స్లైడింగ్ డోర్ అటు ఈకో లాంటి చవక వ్యాన్‌లో ఉంది, ఇటు కార్నివాల్, వెల్‌ఫైర్ లాంటి ఖరీదైన వాటిలో ఉంది. మధ్య తరగతికి అందే ఎర్టిగా, క్యారెన్స్ లాంటి వాటికి మామూలు తలుపులే. ఇక యూరప్‌లో 1984లో ఎమ్‌పీవీ దారి చూపించిన రెనో ఎస్పాస్ ఇప్పుడు ఎస్‌యూవీ. సెనిక్ ఎలక్ట్రిక్ క్రాసోవర్. ఫోర్డ్ ఎస్-మ్యాక్స్, గెలాక్సీ 2023లో ఆగిపోయాయి. అక్కడ మిగిలిన చవకైన దారులు సరుకు వ్యాన్ నుంచి పుట్టిన సిట్రోయెన్ బెర్లింగో తరహావి, లేకపోతే డాసియా జాగర్.

ఎస్‌యూవీ, క్రాసోవర్. దీన్ని తిట్టడం ఫ్యాషన్. నిజానికి గతుకుల రోడ్లు, నీళ్లు నిలిచే వీధులు, ఎత్తు సీటు కావాల్సిన పెద్దవాళ్లు, ఈ మూడూ ఉన్నచోట ఇది అర్థమున్న ఎంపికే. కొనేవాళ్లు దీనిలో వెతికేది నాలుగు: ఎత్తు సీటు, గ్రౌండ్ క్లియరెన్స్, డిక్కీ, రోడ్డు మీద హుందా. మొదటి మూడింటిలో మీకు ఒక్కటే కావాలంటే దాన్ని ఇంకా బాగా ఇచ్చే ఆకారం వేరే ఉంది. రెండు మూడు కలిసి కావాలంటే ఎస్‌యూవీ. నాలుగోదే ముఖ్యమైతే ఈ పోలికలేవీ చదవకుండా వెళ్లి కొనేసుకోండి, తప్పేం లేదు. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ ఎక్కువగా హ్యాచ్‌బ్యాక్‌కే ఎత్తు పెంచిన రూపమనీ, ముందు చక్రాలే తిప్పుతాయనీ మాత్రం గుర్తుంచుకోండి.

పికప్. వారం వారం మట్టి, పనిముట్లు, ఇసుక మోసేవాళ్లకు. మిగతావాళ్లకు వెనక ట్రే వానకు తడిసే డిక్కీ. థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా, అమెరికాల్లో కావలసినన్ని దొరుకుతాయి.

## ఒక్క చూపులో

| ఆకారం | సులువుగా దొరికే చోట | అరుదైన చోట | దొరకనప్పుడు దగ్గరిది |
|---|---|---|---|
| చిన్న హ్యాచ్‌బ్యాక్ | ఇండియా, జపాన్, యూరప్ | అమెరికా | చిన్న క్రాసోవర్ |
| వ్యాగన్ | యూరప్, కొంతవరకు జపాన్ | ఇండియా. అమెరికాలో ఖరీదైనవే | మూడో వరస మడిచిన ఎమ్‌పీవీ, లిఫ్ట్‌బ్యాక్ |
| స్లైడింగ్ డోర్ బుల్లి కారు | జపాన్ | మిగతా అన్నిచోట్లా | ఎత్తైన హ్యాచ్‌బ్యాక్ |
| మూడు వరసల చిన్న ఎమ్‌పీవీ | ఇండియా, ఇండోనేషియా | అమెరికా | యూరప్‌లో వ్యాన్ తరహా కారు. అమెరికాలో మినీవ్యాన్ |
| పెద్ద మినీవ్యాన్ | అమెరికా, జపాన్, చైనా | ఇండియాలో ఖరీదైనవే | ఇన్నోవా తరహా ఎమ్‌పీవీ |
| పికప్ | అమెరికా, థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా | జపాన్ | వ్యాగన్ లేదా ఎస్‌యూవీకి ట్రైలర్ |

## పేరు ఒకటే, బండి వేరు

ఒక దేశపు రివ్యూ చూసి ఇంకో దేశంలో కొనేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. హోండా హెచ్ఆర్-వీ యూరప్‌లో ఒక బండి; అది జపాన్‌లో వెజెల్. అమెరికాలో అదే పేరుతో అమ్మేది అంతకన్నా పెద్దది, మరికొన్ని దేశాల్లో జెడ్ఆర్-వీ అని పిలిచేది. పైకి లేచే వెనక సీటు యూరప్ బండిలో ఉంది, అమెరికా బండిలో లేదు. ఎమ్‌జీ5 అంటే యూరప్‌లో ఎలక్ట్రిక్ వ్యాగన్, గల్ఫ్ దేశాల్లో పెట్రోల్ సెడాన్. పాసాట్ యూరప్‌లో ఇప్పుడు వ్యాగన్‌గా మాత్రమే వస్తుంది, చైనాలో సెడాన్.

తిరగేసి కూడా జరుగుతుంది: వేరే పేరుతో అదే బండి. ఇండియాలో ఎలివేట్, జపాన్‌లో డబ్ల్యూఆర్-వీ ఒకటే. రాజస్థాన్‌లోని తపుకరాలో తయారై అక్కడికి వెళ్తుంది. ఇన్నోవా హైక్రాస్ ఇండోనేషియాలో జెనిక్స్. మూడు తలుపుల జిమ్నీని ఇండియాలో తయారు చేసి ఎగుమతి చేస్తారు, ఇండియాలో అమ్మరు.

పేరు కలిసినా భద్రతా రేటింగ్ కలవదు. యూరో ఎన్‌క్యాప్ (యూరప్‌లో కార్లను గుద్దించి పరీక్షించే సంస్థ) ఇచ్చిన నక్షత్రాలు అక్కడ అమ్మే బండివి. ఇండియాలో 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ ఉంది కాబట్టి ఆ ఫలితమే చూడాలి, అదీ మీరు కొనే తరం బండికి చేసిన పరీక్షదా కాదా అని.

## ఎవరికి ఏది

పెద్దవాళ్లతో తరచూ ఆసుపత్రికి వెళ్లే ఇల్లయితే ఎత్తైన హ్యాచ్‌బ్యాక్ లేదా ఎమ్‌పీవీ. షోరూమ్‌కు ఆ పెద్దవాళ్లనే తీసుకెళ్లి రెండుసార్లు ఎక్కించి దింపించండి, డ్రైవర్ సీటులో మీరు కూర్చుని చూస్తే తెలిసేది కాదు.

వెనక మూడు చైల్డ్ సీట్లు పక్కపక్కన పెట్టాల్సి వస్తే బండి పొడవుతో పనిలేదు, వెనక సీటు వెడల్పు చూడాలి. బెర్లింగో లాంటి వాటిలో రెండో వరసలో మూడు విడి సీట్లు, మూడింటికీ ఐసోఫిక్స్ (చైల్డ్ సీటును నేరుగా బండికి బిగించే కొక్కేలు) వస్తాయి. మామూలు ఎస్‌యూవీల్లో ఎక్కువగా రెండు చివరలకే ఉంటుంది. మీ చైల్డ్ సీట్లు తీసుకెళ్లి బిగించి చూడటమే దారి.

వారానికోసారి హైవే ఎక్కి వందల కిలోమీటర్లు పోయేవాళ్లకు, వ్యాగన్ దొరికే చోట వ్యాగన్, దొరకని చోట లిఫ్ట్‌బ్యాక్ లేదా సెడాన్. ఎలక్ట్రిక్ తీసుకుంటే ఇది ఇంకా ముఖ్యం. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధానిదే పైచేయి కాబట్టి ఎత్తైన బండి రేంజ్ హైవే మీద చకచకా కరుగుతుంది. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.7 టూరర్ లాంటి ఎలక్ట్రిక్ వ్యాగన్లు 605 లీటర్ల డిక్కీ ఇస్తూ ఈ చిక్కు తప్పిస్తాయి.

ఏడు సీట్లు ఏడాదికి రెండుసార్లే కావాలనుకునేవాళ్లు అసలు కొనకండి. ఆ రెండుసార్లకు అద్దెకు తీసుకుని, మిగతా రోజులకు సరిపోయే ఐదు సీట్ల బండి కొనుక్కోవడం నయం.

రెండు మూడేళ్లలో దేశం మారతామని తెలిసినవాళ్లు తమ అభిరుచిని కాస్త పక్కనపెట్టి, అక్కడ ఎక్కువమంది కొనే ఆకారాన్నే తీసుకోవాలి. అమెరికాలో క్రాసోవర్, ఇండియాలో నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ లేదా హ్యాచ్‌బ్యాక్, జర్మనీలో వ్యాగన్ త్వరగా అమ్ముడుపోతాయి. బండిని వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే స్టీరింగ్ ఏ వైపు ఉండాలి, ఎన్నేళ్ల బండిని రానిస్తారు అన్నవి ముందే చూసుకోండి. అమెరికా ప్రమాణాలకు తయారుకాని కారు అక్కడికి మామూలు దారిలో వెళ్లాలంటే 25 ఏళ్లు నిండాలి, కెనడాకు 15. కెన్యా అయితే 8 ఏళ్లు దాటిన బండిని రానివ్వదు.